కొత్త అయ్యగారు వచ్చేలోపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్, అంటే ఒకే పాస్టరు గారి కింద ఉండే సంఘాలు. పట్టణంలో పెద్ద మందిరం, చుట్టూ ఆరు ఊళ్లలో చిన్న సంఘాలు. జూన్‌లో కొత్త అయ్యగారు (పాస్టరు గారు) వస్తున్నారు. పాస్టరేజీకి (అయ్యగారి ఇంటికి) రంగులు, మందిరానికి సీరియల్ లైట్లు అంటోంది కమిటీ. ముందు దేనితో మొదలుపెట్టాలి?
– కార్యదర్శి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రిజిస్టర్లతో. పాత అయ్యగారి సామాను లారీ ఎక్కకముందే ఇద్దరు పెద్దలు కూర్చుని బాప్తిస్మం, నిర్ధారణ (కన్ఫర్మేషన్), వివాహం, సమాధి రిజిస్టర్లు, మినిట్స్, క్యాష్ బుక్ తెరిచి చూడాలి. అప్పగింత కాగితంలో 'వివాహ రిజిస్టరు: ఒకటి' అని రాస్తే చాలదు. ఆఖరి వరుస నంబరు, తేదీ ఉండాలి. లేకపోతే రేపు ఎవరైనా ఒక పేరు దూర్చినా పట్టుకోలేరు.

వివాహ రిజిస్టరులో తరచూ కనిపించే లోపం రెండో సాక్షి సంతకం లేకపోవడం. 'భోజనం చేసొచ్చి పెడతా' అన్న మనిషి మళ్లీ కనిపించడు. ఏళ్ల తర్వాత ఆ జంట వీసా కోసం సర్టిఫికెట్ అడిగితే ఇరుకున పడేది కొత్త అయ్యగారు. ఖాళీని గుట్టుగా నింపొద్దు. అప్పగింత కాగితంలో ఉన్నదున్నట్టు రాసి పాత అయ్యగారి సంతకం తీసుకోండి. వాడని రసీదు పుస్తకాల నంబర్లు, ప్రభురాత్రి భోజన సంస్కారపు గిన్నెలు, ఏడు మందిరాల తాళాలు కూడా అందులోకే ఎక్కాలి. మూడు ప్రతులు తీయండి.

బ్యాంకులో సంతకం మార్చడానికి కమిటీ తీర్మానం నకలు, నియామక ఉత్తరం, ఆధార్, పాన్, ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి. ఈలోపు పాత సంతకంతో ఖాళీ చెక్కులు పెట్టించుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆడిట్‌లో దొరికిపోయేది అక్కడే.

ఇక ఇల్లు. ఫోన్ చేసి ఎంతమంది, పెద్దవాళ్లున్నారా, పిల్లలు ఏ క్లాసు అని అడగండి. మోకాళ్ల నొప్పులున్న తల్లి వస్తుంటే రంగుల కన్నా వెస్టర్న్ కమోడ్ ముఖ్యం. పెంకులు సర్దించి, గోడ చెమ్మ పూర్తిగా ఆరాకే రంగు వేయించండి, తడి మీద వేస్తే పొరలుగా లేస్తుంది. నెలల తరబడి వాడని ట్యాంకును ముందు కడగాలి. వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే నిండు ట్యాంకులో పోసి, నాలుగైదు గంటలుంచి మొత్తం వదిలేయాలి. ఆ నీళ్లు తాగకూడదు.

ప్రశ్న: మాది స్వతంత్ర బాప్టిస్టు సంఘం. కొత్త పాస్టరు గారు తెలంగాణ నుంచి వస్తున్నారు. వచ్చిన రెండో వారంలోనే ఒక పెళ్లి ఉంది. ఇబ్బందేమైనా ఉంటుందా?
– సంఘ పెద్ద, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంటుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లిళ్లు జరిపించే లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, అది ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. బిషప్ చేత అభిషేకం పొందిన సీఎస్ఐ గురువులకు ఈ లైసెన్సు అక్కర్లేదు, మీవారికి కావాలి. తెలంగాణ లైసెన్సుతో ఆంధ్రలో పెళ్లి చేయకూడదు. అధికారం లేదని తెలిసీ చేస్తే పదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. రెండు వారాల్లో కొత్త లైసెన్సు వస్తుందని నమ్ముకోకండి. ఇక్కడ లైసెన్సున్న మరో పాస్టరు గారిని ఇప్పుడే అడగండి. పెళ్లి నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాల్సింది కూడా పెళ్లి జరిపించే ఆయనకే. కొత్తవారు ప్రసంగం చేయవచ్చు. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి, రాత్రి ముహూర్తం కుదరదు.

ప్రశ్న: స్వాగత ఆరాధన తర్వాత 300 మందికి భోజనం అనుకుంటున్నాం. సరుకులెంత?
– స్త్రీల మైత్రి (సంఘంలోని మహిళల బృందం) సభ్యురాలు, కృష్ణా జిల్లా

జవాబు: బియ్యం 40 కిలోలు, చికెన్ 55 నుంచి 60, కందిపప్పు 8, పెరుగు 30 లీటర్లు. శాలువాలు, ప్రసంగాల వల్ల ఆరాధన గంట ఆలస్యమవుతుందనే లెక్కతో అన్నం రెండు విడతలుగా వండించండి. సంఘం మొత్తానికి ఒకటే శాలువా అని ముందే చెబితే అరగంట కలిసొస్తుంది. జూన్ ఎండకు తెల్లవారుజామున చేసిన కూర మధ్యాహ్నానికి పులుస్తుంది, ఎనిమిదింటికి ముందు పొయ్యి వెలిగించొద్దు.

అమ్మగారి (పాస్టరు గారి భార్య) వంటిల్లు సర్దుకునేదాకా మూడు పూటల క్యారేజీ ఎవరిదో కాగితం మీద రాసుకోండి. లేదంటే మొదటి రాత్రి ఎనిమిది క్యారేజీలు వస్తాయి, రెండో రోజు ఒక్కటీ రాదు.