యుద్ధాన్ని చూపించకు, అమ్మడూ

అమ్మడూ,

నీ స్క్రిప్ట్ చదివాను. అమెరికా అంతర్యుద్ధం, సైన్యం నుంచి పారిపోయిన నలుగురు, పాడుబడ్డ బంగళా, ఒక రాత్రి, ఒక దయ్యం. బాగుంది. మొదటి పేజీలో రెండు సైన్యాలు ఢీకొంటాయని రాశావే, అది మాత్రం కొట్టెయ్. నీ దగ్గరున్న డబ్బు జూనియర్ ఆర్టిస్టుల భోజనాలకే చాలదు.

దానివల్ల సినిమా చిన్నబోదు. 1862 అక్టోబరు 8న, మీ కెంటకీలోనే, పెరీవిల్ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. యూనియన్, అంటే ఉత్తరాది పక్షపు జనరల్ బ్యూయెల్ కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాడు. అయినా అక్కడ అంత పోరు నడుస్తోందని సాయంత్రం కావొచ్చేదాకా ఆయనకు తెలియలేదు. గాలి, కొండల అమరిక కలిసి చప్పుడును అటు రానివ్వలేదంటారు. నీ బంగళాను అలాంటి చోట పెట్టు. కిటికీలోంచి ఫిరంగుల మెరుపులు కనిపించాలి, చప్పుడు మాత్రం రాకూడదు. అప్పుడు పై గదిలో చెక్క కిర్రుమంటే చాలు, ప్రేక్షకుడు ఊపిరి బిగబడతాడు.

నిశ్శబ్దమంటే ట్రాక్ ఖాళీగా వదిలెయ్యడం కాదు. ప్రతి గదిలోనూ ఫ్రిజ్ ఆపించి, అందరినీ కదలకుండా ఉండమని రూమ్ టోన్, అంటే ఆ ఖాళీ గది సహజంగా చేసే సన్నని చప్పుడు, రికార్డు చెయ్యి. మిక్సింగ్‌లో ముందు కీచురాళ్లను తీసెయ్, తర్వాత గాలిని. చివరికి మనిషి ఊపిరొక్కటే మిగలాలి. దయ్యం వచ్చినప్పుడల్లా ఢామ్మని మోగించే అలవాటు నాకు గిట్టదు, నీకూ తెలుసు.

ఆ కాలపు తుపాకిమందు దట్టంగా పొగ కక్కేది. కాబట్టి ఒక ఫాగ్ మెషీన్, ఏడుగురు మనుషులుంటే నీకు పటాలం ఉన్నట్టే. పాత యుద్ధాలను వేషాలు కట్టి మళ్లీ ఆడి చూపించే రీఎనాక్టర్లను అడుగు, యూనిఫాంలు, తుపాకులు వాళ్లే తెచ్చుకుంటారు. గుండు లేని ఉత్త మందైనా సరే, వాళ్లు తప్ప ఇంకెవరూ తుపాకీ ముట్టుకోకూడదు. ఇంగ్లాండ్ అంతర్యుద్ధం మీద బెన్ వీట్లీ తీసిన ‘ఎ ఫీల్డ్ ఇన్ ఇంగ్లాండ్’ కూడా చూడు. నలుపు తెలుపు, దాదాపు అంతా ఒక్క పొలంలోనే, షూటింగ్ 12 రోజులు.

ఇక దయ్యం. తెల్లగౌను దొరసాని ఎందుకమ్మా? బంగళా చుట్టూ పత్తి చేలని రాశావు. కెంటకీలో బానిసల చేత ఎక్కువగా పండించింది పొగాకు, తాళ్లు పేనే హెంప్. ఆ బానిసలు నీ కథలో ఒక్కరూ లేరు. కెంటకీ యూనియన్‌లోనే ఉండిపోయింది కాబట్టి 1863 నాటి లింకన్ బానిస విముక్తి ప్రకటన అక్కడికి వర్తించలేదు. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది జనరల్ లీ లొంగిపోయాక కూడా, డిసెంబరులో బానిసత్వాన్ని రద్దు చేస్తూ రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చేదాకా అక్కడ బానిసత్వం చట్టబద్ధంగానే మిగిలింది. పై గదిలో నడిచేది ఎవరో ఆ బానిసల్లో వెతుకు. ఆ మనిషి పిలుస్తూనే ఉండాలి, నలుగురిలో ఒక్కడికే వినపడాలి. ఆ ఒక్కడు ఎవరన్నది నువ్వే తేల్చుకో.

రికార్డింగులు నాకు పంపు, మిక్సింగ్ నేను చేస్తాను, డబ్బు ఊసెత్తకు. రాత్రి షూటింగ్ అయ్యాక నిద్రమత్తులో కారు నడపొద్దు, అందరూ అక్కడే పడుకోండి.

మీ పెదనాన్న