వంటగది పని కోసం ఎమర్జెన్సీ ఫండ్ తీయవచ్చా?

ప్రశ్న: మా వంటగది క్యాబినెట్లు బాగా పాతబడిపోయాయి. సింకు కింది అర చెమ్మకి ఉబ్బి తలుపు మూతపడటం లేదు. గోడకి ఉన్న పై క్యాబినెట్ ఒకటి కాస్త ముందుకు వంగింది. అన్నీ పీకించి కొత్తవి వేయించాలనుకుంటున్నాం. క్యాబినెట్లు, గట్టు రాయి, బిగింపు కలిపి ఇచ్చిన అంచనా మా ఇంటి నాలుగు నెలల ఖర్చుకు సమానం. అందులో బిగింపు కూలి అర నెల ఖర్చంత ఉంది. మొత్తం ముందే కడితే కొంత తగ్గిస్తామంటున్నారు. బ్యాంకులో ఐదు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఊరికే పడి ఉంది. అందులోంచి మూడు నెలలది తీసి, మిగతాది క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెడదామని ఆలోచన. ఇంట్లో నేనొక్కడినే సంపాదిస్తున్నాను. ఇద్దరు పిల్లలు, మా అమ్మ కూడా మాతోనే ఉంటారు. అన్నీ పోను నెల ఖర్చులో పావు వంతు మిగులుతుంది. బిగింపు పని నేను, మా బావమరిది కలిసి చేసుకుంటే ఆ కూలి మిగులుతుంది కదా? లేక తెలిసినవాళ్లకే ఇవ్వాలా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెప్తాను. బిగింపు పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

చూడటానికి పెట్టెలు వరసగా పెట్టి మరలు బిగించడమే అనిపిస్తుంది. కానీ ఏ ఇంట్లోనూ నేల పూర్తిగా సమంగా ఉండదు, గోడ పూర్తిగా నిటారుగా ఉండదు. పని తెలిసిన మనిషి ముందు నేల ఎక్కడ ఎత్తుగా ఉందో చూసుకుంటాడు. అక్కడి నుంచి మట్టం తీసుకుని, మిగతా పెట్టెల కింద పలుచని చెక్క ముక్కలు సర్ది, ప్రతి పెట్టె మీదా రసమట్టం పెట్టి చూస్తాడు. మొదటి పెట్టెలో పావు అంగుళం తేడా వచ్చిందంటే వరస చివరికి వెళ్లేసరికి తలుపులు ఒకదానికొకటి రాసుకుంటాయి, గట్టు రాయి సరిగా కూర్చోదు. అందుకే చాలాచోట్ల రాయి కొలతలు కింది వరస బిగించాకే తీసుకుంటారు. ఒకసారి కోసిన రాయిని పొడవు చేయలేం. ఇక పై క్యాబినెట్ల సంగతి మరీ ముఖ్యం. గిన్నెలు, డబ్బాలు నింపాక ఆ బరువంతా గోడలోని కొన్ని మరల మీదే ఉంటుంది. ఆ గోడ గట్టిదా, బోలుదా, మర ఎంత లోతుకు దిగాలి, ఏ ప్లగ్గు వాడాలి అన్నది తెలిసినవాళ్లు చూసుకోవాల్సిన పని. పిల్లలు, పెద్దావిడ తిరిగే వంటింట్లో అర నెల ఖర్చు మిగుల్చుకోవడానికి ఇది చోటు కాదు.

అయితే నేను ఈ ఉత్తరం తీసుకున్నది ఈ ప్రశ్న కోసం కాదు. 'డబ్బు ఊరికే పడి ఉంది' అని రాశారు చూడండి, ఆ మాట కోసం. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఈ మాట అనని వాళ్లు తక్కువ. ఆ డబ్బు ఊరికే లేదండీ. మీ ఒక్కరి జీతం మీద ఐదుగురు బతుకుతున్న ఇంట్లో, ఆ జీతం ఆగిన రోజు నుంచి పనిచేయడానికి అది సిద్ధంగా ఉంది. ఆ రోజు ఇంకా రాలేదు కాబట్టి పని లేనట్టు కనిపిస్తోంది, అంతే.

పైగా వంటగది పనికీ అత్యవసర నిధికీ ఉన్న సంబంధాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్త సోఫా కొంటే డబ్బు పోతుంది, సోఫా వస్తుంది, వ్యవహారం అక్కడితో అయిపోతుంది. వంటగది అలా కాదు. పాత క్యాబినెట్లు పీకేదాకా వాటి వెనక ఏముందో ఎవరికీ తెలియదు. చెమ్మ పట్టిన గోడ ఉండొచ్చు, కారుతున్న పైపు కీలు ఉండొచ్చు, చెదలు ఉండొచ్చు, ఎప్పుడో లాగిన పాత వైరింగ్ ఉండొచ్చు. మీ విషయంలో ఇది ఊహ కూడా కాదు. సింకు కింద చెక్క ఉబ్బింది అంటే నీళ్లు ఎక్కడి నుంచో వస్తున్నాయి. ఆ ఎక్కడి నుంచో అన్నది మీకు వచ్చిన అంచనాలో రాసి ఉండదు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, గోడ మళ్లీ పూత, పాత సామాను తీసుకెళ్లే ఖర్చు, ఇవి ఆ కాగితంలో ఉన్నాయో లేవో ఈ రోజే తీసి చూడండి. ఇలాంటి పనులకి అంచనా మీద కనీసం 15 శాతం అదనంగా పెట్టుకోమని నేను చెప్తాను. పాత ఇల్లయితే 20.

పైగా ఒకసారి పీకాక మధ్యలో ఆపలేం. సింకు ఉండదు, గట్టు ఉండదు, సామానంతా హాల్లో ఉంటుంది. రోజూ బయటి నుంచి భోజనం తెప్పించుకోవాలి. అంటే మీ నెల ఖర్చు పెరిగే సమయంలోనే మీ నిధి తగ్గి ఉంటుంది. కొత్త సమస్యలు బయటపడే అవకాశం ఎక్కువగా ఉన్న వారాల్లోనే వాటికి కట్టే డబ్బు అప్పటికే కార్పెంటరుకి వెళ్లిపోయి ఉంటుంది. ఎమర్జెన్సీ ఫండ్ ఖాళీ చేయడానికి ఇంతకంటే చెడ్డ సమయం నాకు తోచడం లేదు.

మా సొంత ఇంట్లో జరిగింది చెప్తాను. కింది వరస పీకిన రెండో రోజే గోడ లోపలి పైపు కారుతోందని తేలింది. టైల్స్ పగలగొట్టి, పైపు మార్చి, గోడ ఆరేదాకా మూడు వారాలు పని ఆగింది. ఆ మూడు వారాల మధ్యలోనే మా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ ఉంది, అయినా ముందు మన చేతి నుంచి కట్టాల్సినవి ఉంటాయి కదా. కట్టగలిగాం. వంటగది డబ్బు ఒక ఖాతాలో, ఆపద డబ్బు ఇంకో ఖాతాలో ఉండబట్టే కట్టగలిగాం. ఆ రెండూ ఒకే ఖాతాలో ఉండి ఉంటే ఆ రాత్రి నేను ఎవరెవరికి ఫోన్ చేయాల్సి వచ్చేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇక క్రెడిట్ కార్డు. దీని గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, వద్దు. ఈఎంఐ సక్రమంగా కడుతున్నంతకాలం బాగానే ఉంటుంది. కానీ మూడు నెలల నిధి తీసేసి అప్పు పెట్టుకున్న మనిషికి ఒక్క నెల తడబడితే పట్టుకునేది ఏమీ మిగలదు. బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు. చక్రవడ్డీతో అది 42 దాటుతుంది. 'వడ్డీ లేని ఈఎంఐ' అన్నా ఒకసారి ఆగి, చేతి డబ్బు ఇస్తే ధర ఎంత అని అడగండి. ఆ రెండు ధరల తేడాయే మీరు కట్టే వడ్డీ. పర్సనల్ లోన్ ఫ్లాట్ 10 శాతానికే ఇస్తామని ఎవరైనా అంటే, 12 నెలల అప్పు మీద అది అసలు లెక్కలో దాదాపు 18 శాతమని గుర్తుంచుకోండి, ఎందుకంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వాళ్లు మొదటి అప్పు మీదే వడ్డీ లెక్కేస్తారు. తలుపులకీ గూళ్లకీ అప్పు చేయకండి. నగలు తాకట్టు, ఆఫీసులో అడ్వాన్స్ వంటివి కూడా ఇదే కోవకు చెందుతాయి. వాటి జోలికీ వెళ్లొద్దు.

ఇప్పుడు మీ లెక్కే మీకు చూపిస్తాను. తగ్గింపు మాట పక్కన పెడదాం. కార్డు మీద పెట్టేది ఒక నెల ఖర్చు, దానికి వడ్డీతో కలిపి నెలకు కట్టాల్సింది మీ నెల ఖర్చులో పదో వంతు దాకా వస్తుంది. మీకు మిగిలేది పావు వంతు. ఈఎంఐ పోను నెల ఖర్చులో 15 శాతమే నిధిలోకి తిరిగి వెళ్తుంది. ఏడాది అయ్యేసరికి మూడు నెలల లోటులో 1.8 నెలలే పూడుతుంది. ఈఎంఐ అయ్యాక పావు వంతు చొప్పున మిగతా 1.2 పూడడానికి ఇంకో ఐదు నెలలు. మొత్తం 17 నెలలు. అంతా అనుకున్నట్టు జరిగితే, గోడ వెనక ఏమీ బయటపడకపోతే.

అదే పావు వంతును ఇప్పటి నుంచి వంటగది కోసం వేరే ఖాతాలో వేస్తే? 16 నెలల్లో నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. రెండు దారుల్లోనూ పట్టే కాలం దాదాపు ఒక్కటే. ఒక దారిలో ఆ కాలమంతా మీ ఇల్లు సగం నిధితో, నెత్తిన అప్పుతో నడుస్తుంది. రెండో దారిలో ఐదు నెలల నిధి ఒక్కరోజు కూడా కదలదు. ఈ లోపు ధరలు పెరగవా అంటే పెరగొచ్చు. అయినా కార్డు వడ్డీ అంత వేగంగా పెరుగుతాయని నేను అనుకోను.

నా సలహాలో ఇంకో మెలిక ఉంది. మీది ఒక్కరి సంపాదన, మీ మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు. మీకు ఐదు నెలలు కూడా తక్కువే, ఆరు ఉండాలి. కాబట్టి మొదటి నాలుగు నెలల పొదుపు నిధిలోకే వెళ్లాలి. ఆ తర్వాతే వంటగది ఖాతా తెరవండి. మొత్తం ఒకేసారి చేయించాలన్న పట్టుదల కూడా మానండి. మీకు నిజంగా పాడైంది కింది వరస. దానికీ గట్టుకీ విడిగా అంచనా రాయించుకోండి, దాని మీద 15 శాతం కలపండి. అది రెండున్నర నెలల ఖర్చులోపు తేలితే, పది నెలలు పొదుపు చేస్తే చాలు. నిధి నింపిన నాలుగు నెలలతో కలిపి 14 నెలలకు, ఎవరికీ బాకీ లేకుండా కింది వరస మొదలుపెట్టొచ్చు. పై వరస తర్వాత. పెట్టెలు గట్టిగా ఉన్నచోట తలుపులు, కీళ్లు మాత్రమే మార్పించుకునే దారీ ఉంది, అది చాలా చవక.

మొత్తం ముందే కడితే తగ్గింపు అన్నారు కదా, తీసుకోకండి. పూర్తి డబ్బు చేతికి అందాక మీ పని వాళ్ల జాబితాలో వెనక్కి వెళ్తుంది, అది మనుషుల స్వభావం. ఆర్డరు మీద చేసే సామాను కాబట్టి అడ్వాన్స్ అడగడం న్యాయమే, ఇవ్వండి. సామాను ఇంటికి వచ్చి, మీరు పెట్టెలు లెక్కపెట్టుకున్నాక ఒక విడత, కింది వరస మట్టంగా నిలిచాక ఇంకో విడత. చివరి 10 శాతం మాత్రం తలుపులన్నీ సరిగా మూతపడి, సొరుగులు తేలిగ్గా జారి, సింకు కింద రెండు వారాలు చుక్క నీరు కనబడకపోయాకే. ఈ విడతలు పని మొదలవక ముందే కాగితం మీద రాసుకోండి. పని చేసేవాళ్లకి దెబ్బ తగిలితే, లేదా వాళ్ల చేతిలో మీ పైపు పగిలితే ఎవరు భరించాలో కూడా అందులోనే రాయించండి. బిగించే మనిషిని ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మోసపోకండి. ఒకటి రెండేళ్ల కిందట బిగించిన ఇల్లు ఒకటి చూపించమనండి. అక్కడికి వెళ్లి తలుపులు తీసి వేసి చూడండి.

ఈ 14 నెలలూ ఆగలేనిది మీ ఉత్తరంలో ఒక్కటే ఉంది, ముందుకు వంగిన పై క్యాబినెట్. అందులో ఉన్న సామానంతా ఈ రోజే కిందికి దింపండి, పిల్లల్ని దాని కింద నిలబడనివ్వకండి. ఈ వారంలో కార్పెంటరుని పిలిచి దాన్ని గోడకి మళ్లీ గట్టిగా బిగించమనండి, లేదా పూర్తిగా దింపించేయండి. అదే రోజు ప్లంబరు చేత సింకు కింద నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూపించండి. ఆ రెండింటి ఖర్చూ ఈ నెల మిగులులోంచే పెట్టండి.