డాక్టర్ సలహా: టీ విరామం అంటేనే గుండె దడ

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వయసు 27. సదస్సుల్లో పత్రం చదవడం వరకు ఎలాగో నెట్టుకొస్తాను. టీ విరామంలో పెద్ద ప్రొఫెసర్లను పలకరించాలంటే మాత్రం దడ, చెమటలు. చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే సిగ్గేసి బయటికి వచ్చేస్తాను. వచ్చే నెల భువనేశ్వర్‌లో సదస్సు ఉంది. స్నేహితురాలు ప్రొప్రనొలాల్ మాత్రలు ఇచ్చింది. వేసుకోవచ్చా? చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది.

జవాబు: ఆ మాత్రలు వేసుకోకండి, ఈరోజే తిరిగి ఇచ్చేయండి. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని దడను, వణుకును తగ్గించే మందే అది. వేదిక ఎక్కే ముందు కొందరికి మేమే రాస్తాం. కానీ ఉబ్బసం ఉన్నవారిలో అదే మందు శ్వాసనాళాలను బిగించి ప్రాణం మీదికి తేగలదు. ఎప్పుడో తగ్గిపోయిందిలే అనుకోవడానికి లేదు. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన ఆ సంగతే నన్ను భయపెట్టింది.

ఇక దడ సంగతి. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తహీనతలోనూ, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. అవి సరిగ్గా ఉంటే ఇది చాలావరకు భయమే. భయం వల్ల వచ్చిన దడ కాసేపటికి దానంతట అదే దిగుతుంది. మీరు అది దిగేలోపే బయటికి వచ్చేస్తున్నారు. దాంతో పారిపోతేనే బతికానని మనసు నేర్చుకుంటోంది. ఈసారి కప్పు వణికితే వణకనివ్వండి, అక్కడే నిలబడండి. నెమ్మదిగా, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు ఊపిరి వదలండి. ఆ రోజు టీ, కాఫీ తగ్గించండి, అవి దడను పెంచుతాయి.

పెద్దవాళ్లతోనే మొదలుపెట్టనక్కర్లేదు. తన పరిశోధన పోస్టర్ పక్కన ఒంటరిగా నిలబడిన విద్యార్థి, ఎవరైనా వచ్చి అడుగుతారా అని ఎదురుచూస్తుంటాడు. 'ఈ నమూనాలు ఎక్కడ సేకరించారు?' అంటే చాలు. ప్రొఫెసర్లలో ఒక్కరినే ఎంచుకోండి. వారి పత్రం చదివి, వారం ముందే ఒక ప్రశ్న ఈమెయిల్ చేయండి. 'ఆ ప్రశ్న పంపింది నేనేనండి' అన్నారంటే పరిచయం అయిపోయినట్టే. ఆ మాటను ఇంగ్లీషులో నాలుగు రోజులు పైకి అని చూసుకోండి. సంతలో ఒకే బేరాన్ని తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించే ఊరు మీది, మూడో భాషలో తడబడితే నామోషీ ఏముంది!

పరీక్షలన్నీ బాగుండి, ఫోను ఎత్తడానికీ, నలుగురిలో భోంచేయడానికీ కూడా ఇలాగే భయమేస్తూ ఆరు నెలలు దాటితే మానసిక వైద్యులను కలవండి. సీబీటీ అనే మాటల చికిత్స ఇందులో బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు దడ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా సదస్సు దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.