కింద కూర్చుని మొదలుపెట్టు

మిలిటరీ మాధవరం

చిరంజీవి అబ్బాయికి,

మీ నాన్న ఫోన్ పెట్టేశాక రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఎడమ కాలు మోకాలి కిందనుంచి తీసేశారని, నువ్వు ఎవరితోనూ మాట్లాడటం లేదని, గోడవైపు తిరిగి పడుకుంటున్నావని చెప్పాడు. నా కాలు పోయినప్పుడు నేనూ అలా పడుకున్నవాణ్ణే. ఆ గోడకి సున్నం ఎక్కడెక్కడ పెచ్చులేచిందో ఇప్పటికీ చెప్పగలను. అందుకే ధైర్యంగా ఉండమని రాయను, ఏం చేయాలో రాస్తాను.

పెట్టుడుకాలు పెట్టాక చూద్దాంలే అని మాత్రం అనుకోకు. నేను చేసిన తప్పు అదే. కొత్త కాలు వస్తేనే మళ్లీ మనిషినవుతానని నెలల తరబడి మంచం దిగలేదు. తొడలో కండ, నడుంలో బలం కరిగిపోయాయి. తీరా కాలు వచ్చాక దాన్ని మోసే ఒళ్లు నాకు లేదు. గాయం పూర్తిగా మానిందని డాక్టరు గారు చెప్పిన రోజే నువ్వు నేలమీదకి దిగు.

సిట్టింగ్ వాలీబాల్, అంటే నేలమీద కూర్చుని ఆడే వాలీబాల్, అడుగు. కృత్రిమ కాలు అక్కర్లేని ఆట అది, ఉన్నా విప్పి పక్కన పెట్టేస్తారు. కోర్టు పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. మగవాళ్లకి నెట్టు ఎత్తు 1.15 మీటర్లు. బంతి కొట్టేటప్పుడు పిరుదులు నేలను వదలకూడదు. అంటే చేతులతోనే జరగాలి, చేతులతోనే కొట్టాలి. మొదటిరోజు అరగంటకే నా అరచేతులు మండిపోయాయి. ఆ రాత్రి మాత్రం గోడవైపు తిరగలేదు, ఎదుటివాడి సర్వీసు ఎలా ఆపాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను. నీకు కూడా అలాంటి రాత్రి ఒకటి రావాలనే ఈ ఉత్తరం.

ఆటని మందుగా వాడటం పాత పద్ధతే. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు, యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల చేతికి విల్లు ఇచ్చాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. చక్రాల కుర్చీలో కూర్చుని విల్లు లాగాలంటే భుజాలు, నడుం నిలబడాలి కదా, వైద్యం అక్కడే ఉంది. వికలాంగుల ఒలింపిక్స్ అనదగ్గ పారాలింపిక్స్ పుట్టింది ఆ పోటీలోంచే.

మనవాళ్ల సంగతి చూడు. మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తూటాలు తిన్న మనిషి, అంతకు ముందు బాక్సరు. 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈత 37.33 సెకన్లలో ఈది బంగారు పతకం తెచ్చాడు. నాగాలాండ్ జవాను హోకాటో సెమా కాశ్మీరులో 2002లో మందుపాతర మీద కాలు పోగొట్టుకున్నాడు. షాట్‌పుట్ పట్టుకున్నది 2016లో. 2024లో పారిస్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం గెలిచాడు. అదీ కూర్చుని విసిరే పోటీలోనే. ఆయన సాధన చేసింది పుణె దగ్గర ఖడ్కీలో, సైన్యం నడిపే పారాలింపిక్ నోడ్ అనే శిక్షణ కేంద్రంలో. అక్కడికి వెళ్లే దారేంటని మీ యూనిట్ వాళ్లని నోరు తెరిచి అడుగు. పతకం తెమ్మని నేను అనడం లేదు. వారానికి మూడు రోజులు చెమట పట్టే పని నీకు ఉండాలి, అంతే.

ఇప్పుడు స్టంప్, అంటే తీసేయగా మిగిలిన కాలు, సంగతి. ఇది రెండుసార్లు చదువు. రోజూ రాత్రి చిన్న అద్దం కింద పెట్టి వెనకభాగం చూసుకో, కంటికి కనపడని చోటే పుండు మొదలవుతుంది. సాయంత్రానికి స్టంప్ సన్నబడి, పెట్టుడుకాలులో అది కూర్చునే సాకెట్ వదులవుతుంది, అప్పుడు ఇంకో సాక్స్ తొడగాలి. నాకు ఒకసారి చిన్న బొబ్బ లేచింది. మ్యాచ్ పోతుందని ఎవరికీ చెప్పకుండా ఆడాను. అది చీము పట్టి ఆరు వారాలు కాలే తొడగనివ్వలేదు. ఎర్రబడితే ఆ రోజుకి కాలు విప్పేయ్. అందులో చిన్నతనమేమీ లేదు.

లేని పాదానికి బొటనవేలు దురద పెడుతుంది, మండుతుంది. పిచ్చి పట్టిందేమోనని భయపడకు, చాలామందికి వస్తుంది. అద్దం ముందు ఉన్న కాలు కదిలిస్తూ చేయించే సాధన ఒకటుంది, ఫిజియో వాళ్లని అడుగు. ఈత కొట్టిన రోజు నాకు ఆ మంట తక్కువ. అయితే ఇక్కడికి వచ్చాక మన కాలవలోకి ఒక్కడివే దిగొద్దు. ఒక కాలుతో ఈదితే ఒళ్లు ఒక పక్కకి ఒరుగుతుంది, అది అలవాటయ్యేదాకా కొలనులో, పక్కన మనిషి ఉండగానే.

కొత్త కాలుతో నడక బాగా కుదిరాక నిన్ను చేలగట్టు మీదకి తీసుకెళ్తాను. సిమెంటు వరండాలో నడిచిన నడక నడక కాదు నాన్నా. గట్టు ఒక పక్క మెత్తగా ఉంటుంది, ఇంకో పక్క ఎండ్రకాయ బొరియ ఉంటుంది, కంటితో చూసి అడుగు వేయాలి. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు పెట్టుడుకాలు ముందు. పడతావు. పడ్డాక లేవడం కూడా ఫిజియో దగ్గరే నేర్చుకుని రా.

మీ అమ్మ నీళ్ల చెంబు కూడా నీ చేతికే అందిస్తానంటుంది. ఆవిడ మీద అరవకు. లేచి వెళ్లి నువ్వే తెచ్చుకో, నాలుగు రోజులకి ఆవిడే ఊరుకుంటుంది. వీధిలో "అయ్యో పాపం" అనేవాళ్లు ఉంటారు. మొదట్లో నాకు ఆ మాట తూటా కన్నా ఎక్కువ తగిలేది. వాళ్లని నాతో పాటు గట్టు దాకా నడవమనేవాణ్ణి, తిరిగొచ్చేటప్పుడు వ్యవసాయం కబుర్లే చెప్పేవాళ్లు.

ఒక్క సంగతి మరిచాను. కృత్రిమ పాదాన్ని ఒక మడమ ఎత్తుకి సరిచేసి ఇస్తారు. ఎత్తు పెరిగితే మోకాలు ముందుకి తోసేస్తుంది, తగ్గితే వెనక్కి. కాలు కొలతకి వెళ్లేటప్పుడు నువ్వు రోజూ వేసుకునే బూట్లే తీసుకెళ్లు. వాటి నంబరు, మడమ ఎత్తు నాకు ఫోన్‌లో చెప్పు. గట్టు మీదకి పనికొచ్చే జత ఒకటి, అదే ఎత్తుది, ఇక్కడ కొని ఉంచుతాను.

ఇట్లు
మీ బాబాయ్