నాన్నగారికి సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ రాశారు, వాడొచ్చా?

డెబ్భై దాటిన నాన్నగారికి సోరియాసిస్ ముదిరితే డాక్టర్ మెథోట్రెక్సేట్ రాశారనీ, నెట్‌లో వెతికితే క్యాన్సర్ మందు అని వచ్చిందనీ రాశారు. బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పుల మాత్రలు రోజూ వేసుకునే మనిషికి ఇది ఇవ్వొచ్చా అన్నది మీ టెన్షన్. నేనూ ఇదే జబ్బుకు కొన్నేళ్లుగా ఇదే మందు వాడుతున్నాను. డాక్టర్ని కాను, పేషెంట్‌ని. ఆ లెక్కలోనే చదవండి.

క్యాన్సర్ మందు అన్న మాట నిజమే. కానీ డోసు చూడండి. కొన్ని క్యాన్సర్లకు దీన్ని ఒక్క విడతలోనే గ్రాముల్లో రక్తంలోకి ఎక్కిస్తారు. సోరియాసిస్‌కు ఇచ్చేది మామూలుగా వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య. అంత తక్కువలో ఇది చేసే పని వేరు. చర్మం మీదికి అనవసరంగా ఎగబడుతున్న రోగనిరోధక వ్యవస్థను కాస్త నెమ్మదింపజేస్తుంది. సోరియాసిస్‌కు 1950ల చివరి నుంచే వాడుకలో ఉంది కాబట్టి దీని మంచీ చెడూ డాక్టర్లకు బాగా తెలుసు. పేరు చూసి భయపడి మానేయకండి.

నా భయమంతా ఒక్క విషయం మీదే. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. ఈ పొరపాట్లు ఆగడం లేదనే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా కొత్త జాగ్రత్తలు ప్రకటించింది. వారంలో ఒక రోజు వేసుకుంటే మిగతా రోజుల్లో ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగులు తేరుకుంటాయి. రోజూ పడితే ఆ వ్యవధి దొరకదు. రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పూస్తుంది.

అందుకే మీ ఇంట్లో అసలు గండం నాన్నగారి రోజువారీ మాత్రల డబ్బా. ఈ స్ట్రిప్ అందులోకి పోకూడదు. మా ఇంట్లో దీనికి వేరే డబ్బా ఉంది, మూత మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో "శనివారం రాత్రి మాత్రమే" అని రాసి ఉంటుంది. చీటీ మీద కూడా వారం పేరు పూర్తిగా రాయమని డాక్టర్‌ని అడగండి. ఒక వారం మర్చిపోతే రెండు వారాలవి కలిపి వేయొద్దు, ఫోన్ చేసి అడగండి.

ఇంకోటి, మిల్లీగ్రాములు. ఒకసారి మందుల షాపులో నా చేతికొచ్చిన స్ట్రిప్‌ది అదే కంపెనీ, అదే రంగు, మాత్రలూ అంతే చిన్నవి, అంతే పసుపు. వెనక్కి తిప్పి చూస్తే 2.5 ఉండాల్సిన చోట 10 అని ఉంది. నేను వారానికి ఆరు వేసుకుంటాను. అంటే 15 కాస్తా 60 అయ్యేది! కౌంటర్ దగ్గరే అంకె చదవడం నాకు అలవాటు, అందుకే అక్కడే మార్చుకున్నాను. మీరూ చదవండి, ప్రతిసారీ.

ఇక పరీక్షలు. మొదలుపెట్టే ముందే రక్తకణాలు, లివర్, కిడ్నీ, హెపటైటిస్ బి, సి చూస్తారు. టీబీ ఉందేమో కూడా చూస్తారు. తర్వాత మొదట్లో తరచుగా, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉంటుంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఇది ఎగ్గొట్టకూడదు. లివర్ దెబ్బతింటున్నా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి. పెద్ద వయసులో కిడ్నీ రిపోర్టు ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని అడ్డుకోగలవు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మెథోట్రెక్సేట్ సంగతి ముందే చెప్పాలి. దానికి తరచుగా రాసే ట్రైమెథోప్రిమ్, కోట్రైమాక్సజోల్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

వేసుకున్న మర్నాడు నాకు కడుపులో తిప్పేది. రాత్రి భోజనం అయ్యాక వేసుకోవడంతో చాలావరకు తగ్గింది. డాక్టర్ ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, అదీ వికారాన్ని, నోటిపూతను తగ్గిస్తుంది. చాలామందికి దాన్ని మెథోట్రెక్సేట్ లేని రోజునే వేసుకోమంటారు. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు, జాగ్రత్త.

ఫలితం కోసం రెండు మూడు నెలలు ఆగాలి. ఈలోగా ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్ల జోలికి పోకండి. చర్మం చకచకా శుభ్రపడుతుంది, ఆపేసరికి జబ్బు రెట్టింపై తిరగబడొచ్చు. ఒక్కోసారి ఒళ్లంతా చీముపొక్కులు లేస్తాయి. మెథోట్రెక్సేట్ కంటే ఆ దొడ్డిదారే నాకు ఎక్కువ భయం.

ఇది చదువుతున్నవాళ్లలో పిల్లల కోసం చూస్తున్న దంపతులుంటే ముందుగా డాక్టర్‌తో మాట్లాడండి, గర్భిణులకు ఈ మందు అసలు పనికిరాదు.

నోటిపూత, జ్వరం, పొడిదగ్గుతో ఆయాసం, కళ్లు పచ్చబడటం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసు ఆపి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. వాంతులు, విరేచనాలతో నీరసించి ఉన్న వారం కూడా అడగకుండా వేయొద్దు. ఎక్కువ మాత్రలు పడ్డాయని తెలిస్తే మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫోలినిక్ యాసిడ్ అని విరుగుడు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

నాన్నగారు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టర్ టేబుల్ మీద పెట్టండి. మోకాళ్ల నొప్పి మాత్ర ఉంచాలా, మార్చాలా అని తేల్చుకున్నాకే మొదటి డోసు వేయించండి.