వదినగారు కొనిచ్చిన చేప

ప్రశ్న: మా గృహప్రవేశానికి మా వారి అక్కగారు వాస్తుకు మంచిదని వెండి రంగు అరోవానా చేపను తొట్టెతో సహా కొనిచ్చారు. అప్పుడు వేలెడంత ఉండేది. ఇప్పుడు అడుగున్నర. తొట్టె మూడడుగులే. అటు నుంచి ఇటు తిరగాలంటే ఒళ్లు వంచుకుని అద్దానికి రాసుకుంటోంది. ఒక కన్ను కిందికి వాలింది. రాత్రిళ్లు ఎగిరి మూతకు కొట్టుకుంటోందని పైన కందిపప్పు డబ్బా బరువు పెట్టాను. మా వారికి నెలలో సగం రోజులు టూర్లే. నీళ్లు మార్చడం, మేత వేయడం నా పనే. శ్రావణ శుక్రవారం నాడు కూడా వంటింట్లో పచ్చిరొయ్యలు వలవాల్సి వస్తోంది. ఎవరికైనా ఇచ్చేద్దామంటే "అక్క బాధపడుతుంది" అంటారు మా వారు. గోదావరిలో వదిలితే పుణ్యమంటారు అత్తగారు. వదినగారు వీడియో కాల్ చేస్తే ముందు చేపనే అడుగుతారు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆవిడంటే నాకు టెన్షనే. చేపను ఇచ్చేయమంటారా, ఉంచమంటారా? – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఇచ్చేయండమ్మా. దీనికి నన్ను అడగాల్సిన పనే లేదు.

అది అమెజాన్ నదిలో మూడడుగుల దాకా పెరిగే జాతి. నీటి మీదికి వంగిన కొమ్మల మీద పురుగు కనిపిస్తే ఎగిరి అందుకునే చేప, మీ పప్పు డబ్బాకు లొంగుతుందా? తొట్టెను బట్టే చేప పెరుగుతుందని షాపులో చెప్పే ఉంటారు. అది అమ్ముకోవడానికి చెప్పే మాట. ఇరుకులో పెడితే చేప ఎదుగుదల దెబ్బతింటుంది, నడుం వంకర పోతుంది. కన్ను వాలడం తొట్టెల్లో పెరిగే అరోవానాల్లో తరచూ కనిపించేదే. ఎందుకు వాలుతుందన్న దాని మీద పెంచేవాళ్లలోనే వాదాలున్నాయి కాబట్టి దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. సుఖంగా తిరగాలంటే దానికి కనీసం ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు తొట్టె కావాలి. అందులో నీళ్ల బరువే 800 కిలోలు దాటుతుంది. మీ హాల్లో సోఫా తీసేసినా కుదరని పని.

ఇక వాస్తంటారా, ఆ నమ్మకం చైనా వాళ్ల ఫెంగ్‌షుయ్‌ది. డ్రాగన్‌లా ఉంటుందని వాళ్లు ఇంట్లో పెట్టుకునేది ఆసియా అరోవానాని. మీ దగ్గరున్నది దానికి దక్షిణ అమెరికా చుట్టం. ఈ ముక్క మాత్రం వదినగారి దగ్గర అనకండి.

మీ ఉత్తరమంతా వెతికాను. ఎనిమిదేళ్లలో మీ అంతట మీరు వదినగారికి ఫోన్ చేసి మాట్లాడినట్టు ఒక్క మాటైనా దొరకలేదు. అంతా మీ వారి నోటి నుంచి రావాల్సిందే. "అక్క బాధపడుతుంది" అన్నారు సరే, అక్కను అడిగే అన్నారా? నాకు నమ్మకం లేదు. అక్కకు చెప్పే ధైర్యం లేక భార్యకు బకెట్టు అప్పగించిన మనిషాయన. అరోవానాల్లో మగ చేప గుడ్లను, పిల్లలను కూడా నోట్లో పెట్టుకుని వారాల తరబడి మోస్తుంది. నా తరఫున మీ వారికి ఈ సంగతి చెప్పండి. టూర్ నుంచి వచ్చిన ఆదివారం ఆ నీళ్ల పైపు కాసేపు ఆయన పట్టుకుంటే చేతులేం అరిగిపోవు.

ఆవిడ చేపను అడగడం మీకు తనిఖీలా ఉంది. నాకలా అనిపించలేదు. ఫోన్ తమ్ముడి చేతిలోంచి మీ చేతికి వచ్చేసరికి ఆవిడకు మీతో మాట్లాడటానికి ఇంకేం మిగిలింది? పిల్లల చదువుల గురించి తమ్ముడు చెప్పేసి ఉంటాడు. ఇవాళ ఏం వండావని అడిగితే అత్తగారి పెత్తనంలా ఉంటుంది. మీరా, ఆవిడను ఒక్క మాట అడగరు. ఇక మిగిలింది చేపే. లేదు, ఆవిడ నిజంగానే గయ్యాళి అంటారా? అయినా సరే, మాట్లాడాల్సింది మీరే.

ఆడపడుచుకు పసుపు కుంకుమ, చీర పెట్టి పంపడం మన ధర్మం. అందులో లోటు చేసేవాళ్లను నేను సమర్థించను. అలాగని ఆవిడ కొనిచ్చింది కాబట్టి ఓ మూగజీవి నలిగిపోతున్నా నోరెత్తననడం మర్యాద అనిపించుకోదు. మీ ఇల్లు మీది. ఆ ఇంట్లో ఏముండాలో చెప్పడానికి మీకు మొగుడి రాయబారం అక్కర్లేదు.

ఈ ఆదివారం వంట పని అయ్యాక, మీ ఫోన్ నుంచి, తొట్టె ముందు నిలబడి ఆవిడకు వీడియో కాల్ చేయండి. ఆ చేప తిరగలేక తిరగడం ఆవిడ కళ్లతోనే చూడనివ్వండి. "ఇచ్చేయమంటారా?" అని అడక్కండి, అడిగితే వద్దనే అవకాశం ఇచ్చినట్టే. "వదినా, ఇది మంచి చోట పెరగాలని పెద్ద తొట్టె ఉన్నవాళ్లకు ఇస్తున్నాను, ముందు మీకు చెప్పాలని చేశాను" అనండి. వెంటనే ఫోన్ పెట్టేయకండి. ఆవిడ మోకాళ్ల నొప్పులో, కోడలి కబుర్లో, ఏది చెబితే అది పావుగంట వినండి.

గోదావరి పుణ్యం మాత్రం వద్దు. అక్వేరియం కోసం మన దేశానికి తెచ్చిన సక్కర్ ఫిష్ బయటపడి, ఇవాళ దెయ్యం చేపై కృష్ణలో, చేపల చెరువుల్లో మత్స్యకారుల వలలు చింపుతోంది. పెద్ద తొట్టె పెట్టుకుని ఈ జాతినే పెంచేవాళ్లను వెతకండి. వాళ్లింటికి వెళ్లి తొట్టె చూశాకే మాటివ్వండి. పంపే ముందు రోజు మేత ఆపండి. వలతో పట్టొద్దు, పొలుసులు ఊడతాయి. నీళ్లలోనే పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి నడిపించి, ఆ తొట్టె నీళ్లతోనే పంపండి.

డబ్బు తీసుకోకండి. ఆడపడుచు పెట్టినదాన్ని అమ్ముకున్నారన్న మాట పడితే మీ మనవల పెళ్లిళ్ల దాకా వస్తుంది. తొట్టె ఖాళీ అయింది కదా, గప్పీల్లాంటి చిన్న చేపలు వేద్దామని మీ వారంటే, నీళ్లు ఎవరు మారుస్తారో ముందే తేల్చుకోండి.