హెచ్చరిక వచ్చిన తరువాత: సైబర్ భద్రతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన ప్రారంభించబోతున్నాను. సైబర్ భద్రత, నిఘా విశ్లేషణ (సేకరించిన సమాచారాన్ని పరిశీలించి ముప్పును అంచనా వేయడం), ప్రజా భద్రత మూడింటినీ కలిపే అంశాన్ని ఎంచుకోమని, అందుకోసం గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం కూడా కొంత చదవమని మా మార్గదర్శకులు అంటున్నారు. ఇన్నింటిలో వేలు పెడితే దేనిలోనూ లోతు చిక్కదేమోనని నా సందేహం.
— ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: మీ సందేహం సమంజసమైనదే. ఒక శాస్త్రంలో గట్టి పునాది లేకుండా నాలుగు శాస్త్రాల పేర్లు వల్లించడం పరిశోధన అనిపించుకోదు. అయితే దాడి కంప్యూటర్‌లో మొదలైనా అక్కడే ముగియదన్న సంగతి కూడా గమనించాలి. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థలపై జరిగిన దాడిని తీసుకోండి. దుండగులు నెలల ముందే ఉద్యోగులకు పంపిన మెయిళ్ల ద్వారా లోపలికి చొరబడి, సిబ్బంది లాగిన్ వివరాలు సంపాదించి, అదను కోసం కాచుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆపరేటర్లు చూస్తుండగానే తెరమీద మౌస్ బాణం దానంతట అదే కదులుతూ కరెంటును కలిపే, ఆపే స్విచ్‌లైన బ్రేకర్లను ఒక్కొక్కటిగా ఆఫ్ చేసింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామనుకున్నవారికి లైను దొరకకుండా ఫోన్ కేంద్రానికి దొంగ కాల్స్ వెల్లువెత్తాయి. చివరికి సిబ్బంది సబ్‌స్టేషన్లకు స్వయంగా వెళ్లి చేత్తో బ్రేకర్లు వేస్తేనే కొన్ని గంటల్లో సరఫరా మళ్లీ మొదలైంది. మెయిల్ తెరిచేలా నమ్మించడం, నెలల సన్నాహం ఎవరి కంటా పడకపోవడం, చీకట్లో ఉన్న ప్రజలకు సమాచారం అందకపోవడం, వీటిలో ఏ ఒక్కటీ కేవలం ప్రోగ్రామింగ్ సమస్య కాదు.

ఇక గణాంకశాస్త్రం ఎందుకో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. ఒక నెట్‌వర్క్‌లో రోజుకు 10 లక్షల సంఘటనలు నమోదవుతాయని, వాటిలో 20 మాత్రమే నిజంగా దుండగుల పనని అనుకుందాం. చొరబాటును గుర్తించే మన సాఫ్ట్‌వేర్ నిజమైన దాడుల్లో 99 శాతాన్ని పట్టుకుంటుంది, మామూలు సంఘటనల్లో 1 శాతాన్ని మాత్రమే పొరబాటున దాడిగా చూపిస్తుంది. వినడానికి ఇది చక్కని పనితనమే. కానీ ఆ 1 శాతమే దాదాపు 10,000 తప్పుడు హెచ్చరికలు! అంటే తెరమీదికి వచ్చే ప్రతి 500 హెచ్చరికల్లో నిజమైనది ఒక్కటి. ఈ చిక్కును 1999లోనే స్టెఫాన్ ఆక్సెల్సన్ తన పరిశోధన పత్రంలో స్పష్టంగా చూపించారు. రాత్రి డ్యూటీలో ఉన్న విశ్లేషకురాలు 499 తప్పుడు హెచ్చరికలు చూసి చూసి, 500వ దాన్ని కూడా అలాగే మూసేస్తే ఆ లోపం ఆమెదా, సాఫ్ట్‌వేర్‌దా, లేక ఇద్దరినీ అలా జతకట్టిన ఏర్పాటుదా? నా మటుకు నేను ఏర్పాటుదే అంటాను. హెచ్చరిక యంత్రం చేతినుంచి విశ్లేషకుల చేతికి, అక్కడినుంచి నిర్ణయం తీసుకునే అధికారికి, ఆపైన ప్రజలకు చేరే ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి జారిపోతూ ఉంటుంది. ఆ మలుపుల్లో ఒక్కదాన్ని ఎంచుకుని లోతుగా తవ్వండి. దానికి ఏ శాస్త్రం అవసరమో ఆ సమస్యే చెబుతుంది.

ప్రశ్న: నేను చరిత్ర విద్యార్థిని. సైబర్ నిఘా విశ్లేషణ మీద ఆసక్తి ఉంది. కోడింగ్ రానివారికి ఈ రంగంలో చోటుంటుందా?
— ఎం.ఎ. చదువుతున్న పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఉంటుంది. అమెరికా నిఘా అంచనాల పద్ధతికి రూపునిచ్చిన షెర్మన్ కెంట్ యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించినవారే. 1951లో యుగొస్లావియాపై దాడి జరిగే అవకాశాన్ని ‘గట్టిగా పరిగణించాల్సిందే’ అన్న అర్థం వచ్చేలా ఆయన బృందం ఒక నివేదిక ఇచ్చింది. అంటే ఎంతమేరకని ఒక అధికారి అడిగితే కెంట్ 65 శాతమన్నారు; ఆ అధికారి మాత్రం అంతకంటే చాలా తక్కువని అనుకుని ఉన్నారు. తీరా విచారిస్తే, ఆ వాక్యాన్ని ఆమోదించిన సహచరుల మనసుల్లోనే 20 నుంచి 80 శాతం దాకా వేర్వేరు అంకెలున్నాయి. నివేదికల్లోని ఇటువంటి అస్పష్టతను పట్టుకోగల చదువు మీది.

మీకు మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరి 9న దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరుగుతుండగా వైఫై, అధికారిక వెబ్‌సైట్ మూగబోయాయి. దాడికి వాడిన ప్రోగ్రామ్‌లో, ఏ కంపైలర్‌తో (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌తో) తయారైందో తెలిపే ముద్ర ఉత్తర కొరియాకు చెందినదిగా భావించే లాజరస్ అనే హ్యాకర్ల ముఠా పాత పనిముట్లతో సరిపోయింది. ఆధారం చేతికి దొరికినట్టే కనిపించింది. కానీ కంప్యూటర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు లోతుగా చూస్తే ఆ ముద్ర చెప్పే కంపైలర్ ఒక తరానిది, లోపలి కోడ్ తరువాతి తరానిది. అంటే ముద్రను ఎవరో కావాలని అతికించారు. 2020 అక్టోబరులో అమెరికా ఈ దాడికి సంబంధించి రష్యా సైనిక నిఘా సంస్థ అధికారులపై అభియోగాలు మోపింది. దానపత్రం మీద ఉన్న తేదీకీ, అందులోని లిపికీ పొంతన కుదరకపోతే అది కూటశాసనమని (నకిలీదని) చరిత్రకారులు తేల్చే పద్ధతికీ దీనికీ తేడా ఎక్కడుంది? అమెరికా నిఘా సంస్థ సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ కూడా, మనకు నచ్చిన ఊహను బలపరిచే ఆధారాలను పోగుచేసుకోవడం మాని, పోటీలో ఉన్న ఊహలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఏది ఆధారాలతో తక్కువగా విభేదిస్తుందో చూడమన్నారు. కోడింగ్ కొంత నేర్చుకోండి, అది మేలే. కానీ మూలాలను శంకించే మీ అలవాటును మాత్రం వదులుకోకండి.

ప్రశ్న: మా కార్యాలయంలో ప్రతి 3 నెలలకూ పాస్‌వర్డ్ మార్చాలి. గుర్తుండక కాగితం మీద రాసుకుంటే తిట్లు తప్పవు. భద్రతకు ఉద్యోగులే అడ్డమా?
— ఒక ఉద్యోగి

జవాబు: కాదు. మనిషి జ్ఞాపకశక్తికి మించిన నియమం పెడితే మనిషి అడ్డదారి వెతుక్కుంటాడని పరిశోధకులు ఆన్ ఆడమ్స్, ఆంజెలా సాస్ 1999లోనే ఉద్యోగులను అడిగి తెలుసుకుని రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో తన మార్గదర్శకాలను సవరిస్తూ, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేనప్పుడు గడువు పెట్టి మార్పించవద్దని సూచించింది. ఈ సంగతిని మీ సాంకేతిక విభాగం దృష్టికి మర్యాదగా తీసుకువెళ్లండి.

ప్రశ్న: ప్రజలందరి ఫోన్, ఇంటర్నెట్ వివరాలు సేకరించి విశ్లేషిస్తే నేరాలను ముందే ఆపవచ్చు కదా? తప్పు చేయనివారికి భయమెందుకు?
— ఒక పాఠకుడు

జవాబు: మొదటి జవాబులోని లెక్కను మళ్లీ చూడండి. అక్కడ సంఘటనలు అన్నచోట మనుషులు అని పెడితే, దాదాపు 10,000 తప్పుడు హెచ్చరికలు కాస్తా ఏ తప్పూ చేయని 10,000 మంది అవుతారు. ఒకరు ప్రయాణం మధ్యలో ఆగిపోతారు, ఒకరి ఉద్యోగం చిక్కుల్లో పడుతుంది, వారిలో ఎవరికీ కారణం తెలియదు. డేటా ఎంత పెంచినా నిజమైన నేరస్థుల సంఖ్య పెరగదు కాబట్టి ఈ నిష్పత్తి బాగుపడదు. పైగా వీరందరినీ విచారించే పనిలో పడి అసలు ఆచూకీ ఉన్న కేసులు వెనకబడతాయి. అందువల్లనే సేకరణ అవసరమా, ముప్పుకు తగినంతేనా, ఎంతకాలం ఉంచుతారు, పొరబాటున పేరు చేరినవారు ఎవరికి మొరపెట్టుకోవాలి అనే ప్రశ్నలను వ్యవస్థ తయారయ్యాక కాకుండా, దాని రూపకల్పనలోనే న్యాయ నిపుణులు ఇంజనీర్ల పక్కన కూర్చుని తేల్చాలి. నిర్దిష్టమైన అనుమానం ఉన్నచోట, న్యాయస్థానం అనుమతితో, పరిమిత కాలానికి జరిగే నిఘాను నేను వ్యతిరేకించను. అందరినీ అనుమానితుల జాబితాలో చేర్చే నిఘాను మాత్రం సమర్థించలేను.